ఆ ఏడుపు నాది కాదు

ఇరవై ఏళ్ళు ఊపిరి అమ్ముకుని బతికినదాన్ని నేను. మాటలు కూడా చెప్పాననుకోండి, కానీ మాటలు రాసేవాళ్ళు వేరే ఉంటారు. హీరోయిన్ పరుగెత్తుకొచ్చి ఆగినప్పటి ఆయాసం, హీరోని చూసి బిగబట్టి వదిలే గాలి, ఎవరో చెయ్యి పట్టుకుంటే ఉలిక్కిపడే చప్పుడు, ఇవి ఏ కాగితం మీదా ఉండవు. డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నిలబడి మేమే పుట్టించాలి. తెర మీద పెదవులు ఆవిడవి, ఊపిరి నాది. పోస్టరు మీద మాత్రం పెదవులే ఉంటాయి.

అలాంటిదాన్ని ఇప్పుడు రోజూ పొద్దున్నే చాప వేసుకుని అరగంట కళ్ళు మూసుకుని కూర్చుంటాను. ఊపిరి వస్తుంది, పోతుంది. చప్పుడు ఉండదు. నన్ను ఎరిగినవాళ్ళు దీన్ని నమ్మరు. తుమ్మినా అందులో కాస్త నటన ఉంటుందని నా మీద పాత ఫిర్యాదు. ఈ చప్పుడు లేని ఊపిరి నాకు ఎలా దొరికిందో చెప్పాలంటే కృష్ణానగర్ గది దగ్గర మొదలుపెట్టాలి.

మూడో అంతస్తులో ఒకే గది. రేకుల గది కాదు గానీ దానికి సొంత చెల్లెలు. కిటికీలోంచి చెయ్యి చాపితే పక్కింటి గోడ తగిలేది. పైన డాన్సర్లు ప్రాక్టీసు చేస్తే మా గిన్నెలు కదిలేవి. ఎదురింట్లో ఒకాయన అద్దం ముందు విలన్ డైలాగులు చెప్పుకునేవాడు. పొద్దున్నే నిన్ను చంపేస్తాను అని వినపడగానే మేము పాలు కాచుకునేవాళ్ళం. వీధిలో ఎవరు ఎదురైనా బాగున్నారా అని అడిగేవారు కాదు, పనుందా అని అడిగేవారు. ఉంటే బాగున్నట్టే. ఆ గది ఇప్పుడు లేదు, ఆ చోట ఐదంతస్తులు లేచాయి. అయినా అటు ఆటోలో వెళ్ళినప్పుడల్లా తలెత్తి మూడో అంతస్తు కేసి చూస్తాను. అప్పటి ఆకలి, అప్పటి ఆశ, రెండూ ఇంకా అక్కడే ఉన్నాయనిపిస్తుంది.

గదిలో నాతో పాటు ఇంకొకామె ఉండేది. నాది తెనాలి వైపు, ఆమెది కరీంనగర్ వైపు. ఆమెది కూడా డబ్బింగే. కానీ ఆమెకి దొరికేవన్నీ గుంపు గొంతులు. సంతలో కూరగాయలమ్మే ఆమె, ఆసుపత్రిలో నర్సు, పక్కింటి పిన్ని, ఏడ్చే పసిపిల్ల. నేను మిరియాల కషాయం తాగి, పెరుగు ముట్టకుండా, ఎండాకాలంలో కూడా మెడకి గుడ్డ చుట్టుకుని గొంతు కాపాడుకునేదాన్ని. ఆమె గడ్డపెరుగులో పచ్చి ఉల్లిగడ్డ కొరుక్కుని తిని, ఫ్యాను కింద పడుకుని, పొద్దున లేచి ఉతికి ఆరేసినంత శుభ్రమైన గొంతుతో నన్ను పిలిచేది. నాకు ఒళ్ళు మండేది.

ఆమె కోరిక ఒక్కటే. సాయంత్రాలు డాబా మీద బట్టలు తీస్తూ చెప్పేది.

"ఒక్క సిన్మాలనన్న హీరోయిన్‌కు జెప్పాలెనే. మా అమ్మ టాకీసుల కూసోని, గది నా బిడ్డ గొంతు అనాలె. గంతే."

వాయిస్ టెస్టుకి వెళ్ళిన ప్రతిసారీ ఆమెకి ఒకటే సమాధానం వచ్చేది. గొంతు బాగుందమ్మా, కానీ యాస ఉంది. నిజానికి మైకు ముందు ఆమె మా తెనాలి మాట నాకంటే చక్కగా పలికేది. నా అండీలన్నీ అనుకరించి నన్నే ఏడిపించేది. కానీ ఊరు ఏదని అడిగాక, వాళ్ళ చెవికి యాస ముందే వినపడేది. ఆ రోజులు అలాంటివి.

నాకు అదృష్టం ముందు తలుపు తట్టింది. ఒక పెద్ద సినిమాలో హీరోయిన్‌కి చెప్పే అవకాశం వచ్చింది. అంతా బాగానే నడిచింది, ఒక్క చివరి సీను మిగిలింది. తండ్రి శవం మీద పడి ఆ అమ్మాయి ఏడవాలి. మాటలు నాలుగే. మిగతాదంతా ఏడుపు. సరిగ్గా అప్పుడే నాకు జ్వరం వచ్చి గొంతు మూసుకుపోయింది. మాట ఎలాగో వస్తోంది, ఏడుపుకి వెళ్ళేసరికి తలుపు కీచుమన్నట్టు వస్తోంది. డైరెక్టర్ గారు ఊళ్ళో లేరు, మర్నాడు వచ్చి వింటారు. ఫిల్మ్ నగర్‌లో ఆ థియేటర్ మళ్ళీ నెల దాకా ఖాళీ లేదు.

ఆమె నాకు తోడుగా వచ్చింది. వేడినీళ్ళ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని మూల కూర్చుని ఉంది. నా నాలుగో టేకు కూడా పాడయ్యాక లేచి వచ్చింది.

"జరుగు. మాటలు నువ్వు జెప్పు. ఏడుపు నేను ఏడుస్త."

సౌండ్ ఇంజనీరు అద్దం అవతలి నుంచి భుజాలెగరేశాడు. "ఎవరేడిస్తే ఏంటమ్మా, పెదాలకి కలిస్తే చాలు" అన్నాడు.

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. తెర కేసి కాసేపు చూసింది. తర్వాత ఆ గదిలో వినపడింది ఏడుపని చెప్పడానికి కూడా నాకు నోరు రాదు. పొలంలో పాము కరిచి పోయిన వాళ్ళ నాన్న దగ్గరికి మనసులోనే వెళ్ళి వచ్చిందని నాకు అర్థమైంది. ఏడుపుకి యాస ఉండదు. ఒక్క టేకులో అయిపోయింది. హెడ్‌ఫోన్లు తీసి ముక్కు తుడుచుకుని, ఆకలవుతోందే అంది.

మర్నాడు డైరెక్టర్ గారు ఆ రీలు విని బయటికి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఆ ఏడుపు ఎక్కడ్నుంచి తెచ్చావమ్మా?" అన్నారు.

ఆమె నా పక్కనే నిలబడి ఉంది, చేతిలో ఫ్లాస్కుతో. నేను ఒక్క మాట అనాల్సింది. అది ఈమెది సార్. అంతే, మూడు ముక్కలు. నా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది.

"ఏమో సార్, అలా వచ్చేసింది."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె నవ్వింది. "అలా వచ్చేసిందాండీ?" అని నా గొంతుతోనే, నా అండీలతోనే ఒకసారి అని, ఇంకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆ సంగతి మా మధ్య మళ్ళీ రాలేదు. వారం తిరక్కుండా ఆ డైరెక్టర్ గారి తర్వాతి సినిమాలో కూడా హీరోయిన్ గొంతు నాకే అని కబురు వచ్చింది. అదే సినిమాలో ఆమెకీ పని దొరికింది. నర్సు. రెండు మాటలు.

ఏడాది కావస్తుండగా, ఒక పక్క ఆ సినిమా షూటింగు నడుస్తూనే డబ్బింగ్ మొదలయ్యేసరికి నా ఊపిరి తిరగబడింది. మాటలు బానే చెబుతున్నాను. మధ్యలో ఒక నిట్టూర్పు, ఒక ఉలికిపాటు పెట్టాల్సిన చోట గాలి గొంతులోనే చిక్కుకుంటోంది. గొంతు డాక్టరు టార్చి వేసి చూసి, లోపల అంతా బాగానే ఉందమ్మా, కాస్త మనసు కుదురుగా పెట్టుకోండి అన్నాడు. మనసు కుదుర్చుకోవడానికి కూడా ఎవరో ఒకరి దగ్గర శిక్షణ తీసుకోవాలి కాబోలనుకున్నాను. మా పరిశ్రమలో అన్నిటికీ మాస్టర్లుంటారు మరి.

ఆ రోజుల్లోనే హీరోయిన్ తీరు దగ్గర నుంచి చూద్దామని ఫిల్మ్ నగర్ స్టూడియోకి షూటింగు చూడ్డానికి వెళ్ళాను. అక్కడ కాస్ట్యూమ్స్ వ్యానులో ఒక పెద్దావిడ కనిపించింది. అరవై దాటి ఉంటాయి. జరీ లంగాలు, పోలీసు డ్రెస్సులు, పెళ్ళి పట్టుచీరలు వేలాడుతున్న మధ్యలో ఒక ఇనప్పెట్టె మీద కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. బయట ఎవడో ఓణీ కోసం గొంతు చించుకుంటున్నాడు. కళ్ళు తెరిచి, ఓణీ తీసి ఇచ్చి, మళ్ళీ మూసుకుంది. విసుక్కోలేదు.

నేను ఆగి అడిగాను. "ఏం మంత్రమమ్మా అది?"

"మంత్రం లేదు, తంత్రం లేదు బిడ్డా. ఊపిరి జూసుడే."

ఊపిరా, అదైతే నా సొత్తే కదా, ఈ పరీక్షలో నాకు ఫస్టు క్లాసు ఖాయం అనుకున్నాను. అంత గర్వంతో ధ్యానానికి వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆవిడ ఇల్లు మోతీనగర్‌లో. పొద్దున్నే డాబా మీద ఐదారుగురు కూర్చునేవారు. ఒక టైలరు, ఒక వ్యాను డ్రైవరు, వీధి చివరి స్కూలు టీచరమ్మ, ఇంకా ఒకరిద్దరు ఇరుగుపొరుగువాళ్ళు. ఆవిడని అందరూ అమ్మా అనే పిలిచేవారు. మొదటి రోజు కళ్ళు మూసుకుని ఊపిరి తీశాను. ఎలా తీశాను? నాకు వచ్చినట్టే తీశాను. నిండుగా లోపలికి, చివర్లో కాస్త వణుకు, తర్వాత నెమ్మదిగా బయటికి. పది నిమిషాలయ్యాక పక్కన టీచరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటున్న అలికిడి.

అమ్మ గొంతు వినపడింది. "గట్ల ఊపిరి గుంజుతున్నవేంది బిడ్డా? ఎవలన్న హీరో కనవడ్డడా?"

డాబా అంతా నవ్వింది. సిగ్గుతో చచ్చాను.

"ఊపిరి నువ్వు తీసుడు గాదు. దాని పని అది జేసుకుంటది. నువ్వు ఊకె జూడు."

అదే చేతకాలేదు. నేను చూస్తున్నానని తెలియగానే నా ఊపిరి మైకు ముందు నిలబడినట్టు సర్దుకునేది. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఎవరో వింటున్నట్టే ఉండేది. మామూలు మనుషులకి రాని కష్టం అది. వాళ్ళకి మనసు సంతలో తిరుగుతుంది, నిద్ర ముంచుకొస్తుంది, మోకాళ్ళు నొప్పెడతాయి. నాకు మాత్రం ధ్యానంలో డబ్బింగ్ నడిచేది.

కొన్ని వారాలకి ఇంకో చిక్కు వచ్చి పడింది. కాస్త కుదురుకోగానే దూరంగా ఏడుపు వినపడేది. మొదటిసారి కింద వీధిలో ఎవరో ఏడుస్తున్నారనుకుని కళ్ళు తెరిచి పిట్టగోడ మీంచి తొంగి చూశాను. ఎవరూ లేరు. రెండోసారి గుర్తుపట్టాను. ఆ ఒక్క టేకు. ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో నాకు తెలుసు. కళ్ళు మూసుకుంటే చాలు, అది మొదలయ్యేది.

నేను ఊరుకుంటానా, దాన్ని వదిలించుకోవడానికి అన్నీ చేశాను. అరగంట కూర్చునేదాన్ని గంట కూర్చున్నాను. గదిలో ఆమెకి రెండు చీరలు కొనిపెట్టాను. చిన్న వేషాలకి గొంతు కావాలంటే ఆమె సంగతి చెప్పాను. ఉల్లిపాయ మానేశాను, వెల్లుల్లి మానేశాను. అది వినేసరికి అమ్మ నా కేసి వింతగా చూసింది.

"ఉల్లిగడ్డ నీకేం జేసింది బిడ్డా?"

ఆవిడ నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు, ఉపన్యాసం చెప్పలేదు. ఆవిడ చేసే ఒక పని మాత్రం నేను చూసేదాన్ని. షూటింగులో ఆవిడ ఎడమ భుజం మీద, కొంగు పొడుగునా వరసగా పిన్నీసులు ఉండేవి. ఎవరి జాకెట్టు వదులైనా అక్కడ్నుంచి ఒకటి తీసి పెట్టేది. ప్యాకప్ చెప్పగానే వాటన్నిటినీ తీసి కంపెనీ రేకు డబ్బాలో వేసేది. తర్వాత భుజం మొత్తం అరచేత్తో రెండుసార్లు తడుముకునేది. అప్పుడు ఇంటికి బయల్దేరేది.

ఒక సాయంత్రం ఆవిడతో కలిసి స్టూడియో గుట్ట దిగుతున్నాను. సగం దారిలో ఆవిడ చెయ్యి ఎందుకో భుజం మీదికి పోయింది. ఒక పిన్నీసు మిగిలిపోయింది. వెంటనే వెనక్కి తిరిగింది.

"ఒక్క పిన్నీసు కోసం ఇంత గుట్ట ఎక్కుతారా అమ్మా? రేపు ఇవ్వచ్చు కదా" అన్నాను.

"ఇయ్యొచ్చు. కని రేపు పొద్దుగాల కూసుంటె గా పిన్నీసే కనవడ్తది. ఊపిరి కనవడదు." నాలుగడుగులు వేసి ఆగి, ఆయాసం తీర్చుకుంటూ అంది. "కూసునుడంటె కండ్లు మూసుడు గాదు బిడ్డా. ఎవలది వాళ్ళకిచ్చేసి, మనకున్నది సాలనుకున్నంక, గప్పుడు కండ్లు మూసుడు. ముందుగాల మూస్తె ఏం ఫాయిద?"

చాలు అనే మాట ఫిల్మ్ నగర్‌లో అంతకు ముందు నేను టీ పోసేవాడితో తప్ప ఎవరి నోటా వినలేదు. ఆవిడ దాన్ని అన్నిటికీ అనేది. ఒక నిర్మాత పెద్ద సినిమాకి బట్టల బాధ్యత మొత్తం చూసుకోమంటే, నవ్వి, నాకీ వ్యాను సాలు సారూ అందిట. అప్పుడు పిచ్చిదనుకున్నాను. చెక్‌పోస్టు దగ్గర హోర్డింగు మీద హీరోయిన్ మొహం కనపడితే ఆ నోరు నాదే అని లోలోపల మురిసిపోయి, పక్క హోర్డింగు మీది నోరు కూడా నాదే అయితే బాగుండునని అల్లాడే కాలం నాది. ఆ కొండ దారిలో, ఒక పిన్నీసు పట్టుకుని రొప్పుతూ పైకి వెళ్తున్న ఆవిడ వెనక నిలబడ్డప్పుడు మాత్రం నా భుజం మీద కూడా ఏదో గుచ్చుకుంది. అయినా ఏమీ చెప్పలేదు. చెబితే ఏం పోతుందో నాకు బాగా తెలుసు.

చివరికి నన్ను కదిలించింది ధ్యానం కాదు, భయం. డైరెక్టర్ గారి దగ్గర నుంచి ఫోను వచ్చింది.

"ఏమ్మా, ఎల్లుండి క్లైమాక్స్. పోయిన సినిమాలో ఏడ్చావే, దానికి రెండింతలు కావాలి. నేనొచ్చే లోపల చెప్పేసి ఉంచు."

నా ఊపిరే నా మాట వినడం లేదు, ఇంక ఏడుపా? గదికి వెళ్ళాను. ఆమె కింద కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటోంది. నిలబడే అడిగాను, ఇంకొక్కసారి ఏడ్చి పెట్టమని. ఆమె తల ఎత్తలేదు. రెండు రాళ్ళు తీసి పక్కన పడేసింది.

"ఎన్ని గంటలకు?" అంది.

అంతే. తిట్టినా బాగుండేది. చీ పొమ్మన్నా బాగుండేది. నేను ఆ మాట ఎంత మామూలుగా అడిగానో ఆమె అంత మామూలుగా ఒప్పుకుంది. ఆ మామూలుతనం చూసి నా మీద నాకే అసహ్యం వేసింది.

రికార్డింగు రోజు తెల్లారగానే మోతీనగర్ వెళ్ళాను. కూర్చున్నాను. కళ్ళు మూసీ మూయగానే ఏడుపు. తెరిచాను. అమ్మ నా కేసే చూస్తోంది. మిగతావాళ్ళు లేచి వెళ్ళేదాకా ఆగి, అన్నీ చెప్పేశాను. ఫ్లాస్కు, జ్వరం, నెత్తి మీద చెయ్యి, అలా వచ్చేసింది, ఇవాళ మళ్ళీ చేయబోయేది, అన్నీ. ఆవిడ ఓదారుస్తుందనుకున్నాను.

"నాకెందుకు జెప్తున్నవ్ బిడ్డా? గది నాది గాదు గద" అంది. లేచి చాపలు చుట్టడం మొదలుపెట్టింది.

థియేటర్లో ఆమె అప్పటికే వచ్చి ఉంది. ఇంజనీరు రీలు సిద్ధం చేశాడు. సార్ వచ్చాక మొదలుపెడదాం అన్నాను. ఆమె నా మొహం కేసి చూసి, ఏమైందే నీకు అంది. నేను గోడ కేసి చూస్తూ కూర్చున్నాను. గంటన్నర తర్వాత డైరెక్టర్ గారు వచ్చారు. కూర్చోకముందే చెప్పేశాను, కూర్చుంటే మళ్ళీ ధైర్యం పోతుందని.

"పోయిన సినిమాలో ఏడుపు నాది కాదు సార్. ఈమెది. నేను అబద్ధం చెప్పాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అప్పుడే చెప్పాల్సిందమ్మా" అన్నారు, కోపంగా కాదు. ఆమె వైపు తిరిగి, ఏడువమ్మా అన్నారు. ఏడ్చింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత, వెనక సీను మాటలు కూడా ఒకసారి చెప్పు అన్నారు. చెప్పింది. యాస అనే మాట ఆ రోజు ఆయన నోట రాలేదు. నాకు విషయం అర్థమైపోయింది.

"ఏమీ అనుకోకమ్మా" అన్నారు నాతో. "ఇప్పుడు తెలిశాక నా చెవికి రెండు గొంతులూ విడిగా వినపడతాయి. మొత్తం తనతోనే చెప్పిస్తాను."

"నేను జెప్ప సార్. గామెదే సిన్మా" అంది ఆమె వెంటనే.

"చెప్పవే" అన్నాను. నా గొంతు వణక్కుండా ఆ మాట అనగలగడం నా వృత్తి జీవితంలో నేను చేసిన అన్నిటికంటే పెద్ద నటన.

పది రోజుల నా పని చెరిపేశారు. ఫిల్మ్ నగర్ నుంచి నడుచుకుంటూ దిగాను. ఏదో పుణ్యం చేసినట్టు లేదు, ఎవరో నా జేబు కొట్టేసినట్టు ఉంది. ఆ సినిమా ఆడకూడదని కూడా కోరుకున్నాను. చెక్‌పోస్టు దగ్గర బస్టాపులో కూర్చుంటే ఏడుపు వచ్చింది. ముక్కు కారుతూ, వెక్కుతూ, తుమ్ముకీ దగ్గుకీ మధ్య ఏదో చప్పుడు. మైకు ముందు అలా ఏడిస్తే ఇంజనీరు వెంటనే కట్ చెప్పేవాడు. కానీ అది నాదే.

సాయంత్రం ఆమె గదికి వచ్చింది. సంతోషంగా ఉంటుందనుకున్నాను. ఫ్లాస్కు ఠక్కున గట్టు మీద పెట్టింది.

"ఏడాది సంది జూస్తున్న, ఎప్పుడు జెప్తవా అని. సార్‌కు గాదే, నాకు. నేను నీకు ఏడుపిచ్చిన. మా నాయనను తల్సుకొని ఏడ్చిన ఏడుపిచ్చిన. నువ్వు నాకు ఒక్క మాట ఇయ్యలే."

తప్పయిపోయిందే అన్నాను. ఆమె రెండు కంచాలు తీసి అన్నం పెట్టింది. నా కంచంలో పెరుగు కూడా వేసింది. మర్నాడు నాకు డబ్బింగ్ లేదు కదా. తిన్నాను.

తెల్లారి మోతీనగర్ డాబా మీద కూర్చున్నప్పుడు ఏ వెలుగులూ కనపడలేదు. ఒక పొట్టి ఊపిరి వచ్చింది, పోయింది. అందం లేదు, వణుకు లేదు, నేను తీసింది కాదు. దాని వెనక ఇంకొకటి. ఎంతసేపు విన్నా ఏడుపు రాలేదు. కళ్ళు తెరిచేసరికి అమ్మ టీ గ్లాసుతో ఎదురుగా ఉంది.

"ఇంకింత పొయ్యనా?"

"చాలమ్మా" అన్నాను. గ్లాసు సగమే ఉంది.

అంత మాత్రాన ఆ రోజుతో మారిపోయానని చెబితే ఇంకో అబద్ధమవుతుంది. సినిమా విడుదలయ్యాక ఆమె వాళ్ళ అమ్మని కరీంనగర్ నుంచి పిలిపించింది. ముగ్గురం వెళ్ళాం. తెర మీద హీరోయిన్ నోరు తెరవగానే ఆ తల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, గది నా బిడ్డ గొంతు అంది. నాకు సగం ఆనందం, సగం కడుపుమంట. కాసేపటికి అదే హాల్లో ఆసుపత్రి సీను వచ్చింది. నర్సు రెండు మాటలు అంది. ఆమె వదిలిన ఆ నర్సుకి చెప్పింది నేనే. ఆ రెండూ నావేనని గుర్తొచ్చి, కడుపుమంట కొద్దిగా తగ్గింది. పూర్తిగా తగ్గడానికి ఏళ్ళు పట్టింది. రోజూ పొద్దున కూర్చోవడం, కూర్చునే ముందు భుజం తడుముకోవడం, అంతే చేశాను. తర్వాత యోగం పుస్తకాల్లో చూస్తే ఒకరిది ఉంచుకోకపోవడానికి అస్తేయం, ఉన్నది చాలనుకోవడానికి సంతోషం అని పెద్ద పేర్లున్నాయి. అమ్మకి ఆ పేర్లు తెలియవు. నాకు అవి పిన్నీసుగా, సగం గ్లాసు టీగా వచ్చాయి.

అమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఆవిడ మీద కొత్త చీర కప్పి, జారకుండా ఎవరో భుజం దగ్గర పిన్నీసు పెట్టారు. చూసి ఉండలేకపోయాను. తీసి, ఆ పెట్టిన అమ్మాయి చేతిలోనే పెట్టాను. ఆ అమ్మాయి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

ఇప్పుడు నేను బామ్మ వేషాలకి చెబుతున్నాను. నాతో గదిలో ఉన్న ఆమె ఇప్పటికీ పెద్ద గొంతే, ఈమధ్య అమ్మ పాత్రలకి చెబుతోంది. పోయిన నెల ఒక వెబ్ సిరీస్‌లో ఇద్దరికీ కలిపి పని పడింది. అందులో బామ్మ చనిపోతుంది. మాటలు లేవు, చివరి ఊపిరి ఒక్కటే పెట్టాలి. నాకంటే పాత చెయ్యి ఎవరు దొరుకుతారని పిలిచి ఉంటారు. మైకు ముందు నిలబడి తీశాను. అద్దం అవతలి నుంచి ఆ కుర్ర డైరెక్టరు, వినపడట్లేదమ్మా అన్నాడు. ఇంకోసారి. వినపడట్లేదు. మూడోసారి కూడా అంతే. నా ఊపిరి చప్పుడు చేయడం మరిచిపోయింది.

మూల కూర్చున్న ఆమె ఫ్లాస్కు కింద పెట్టి లేచి వచ్చింది.

"జరుగు. నీకు మంచిగ చావుడు గూడ రాదు."

నా పక్కన నిలబడి ఒక్క ఊపిరి తీసింది. డైరెక్టరు తెర మీది బొమ్మ కేసే చూస్తున్నట్టున్నాడు, ఎవరు తీసిందీ గమనించలేదు.

"అమ్మా, అద్భుతం, ఏం ఊపిరండీ అది" అన్నాడు.

"నాది కాదు బాబూ, ఈమెది" అన్నాను, అతని మాట పూర్తి కాకముందే.

ఆమె నా భుజం మీద ఒకటి చరిచింది. "అయిదు నిమిషాలన్న ఆగవానే? జర సేపు నీ దగ్గర ఉంచుకుంటె ఏమైతది?"

"రేపు పొద్దున కూర్చోవాలి కదే" అన్నాను.